టియు బెర్లిన్‌లో గణితం మాస్టర్స్: నాలుగు సెమిస్టర్ల తర్వాత సమీక్ష

బెర్లిన్ టెక్నికల్ విశ్వవిద్యాలయంలో (టియు) చదువు నడిచేది క్లాసులో కాదు, వారానికొకసారి వచ్చే ఒక కాగితం మీద. దాన్ని యూబుంగ్స్‌బ్లాట్ అంటారు, మన మాటల్లో హోంవర్క్ షీట్. ప్రతి పెద్ద సబ్జెక్టుకీ ఒకటి వస్తుంది. అందులో మామూలుగా మూడు నాలుగు లెక్కలుంటాయి, ఎక్కువగా ‘నిరూపించండి’ అనే రకం. ఇద్దరో ముగ్గురో కలిసి రాసి ఇవ్వొచ్చు. చాలా సబ్జెక్టుల్లో సెమిస్టర్ మొత్తమ్మీద షీట్లలో సగం మార్కులు తెచ్చుకుంటేనే పరీక్షకి అర్హత. లెక్చర్‌కి హాజరు మాత్రం ఎవరూ వెయ్యరు. ఆ స్వేచ్ఛ చూసి మొదటి నెల తేలిగ్గా తీసుకున్నవాళ్లు డిసెంబరులో తేరుకోలేరు.

గంటల లెక్క ముందే వేసుకోవాలి. డిగ్రీ మొత్తం 120 క్రెడిట్లు, అందులో థీసిస్‌వి 30. వారానికి రెండు లెక్చర్లు, ఒక ట్యుటోరియల్ ఉండే సబ్జెక్టుకి 10 క్రెడిట్లు. క్రెడిట్‌కి 30 గంటల చొప్పున 300 గంటల పని. క్లాసులకి వారానికి 6 గంటలు, షీట్‌కి ఓ 10 అనుకుంటే ఒక్క సబ్జెక్టుకే 16. అలాంటివి మూడు పెట్టుకుంటే 48 గంటలు, పరీక్ష చదువు ఇంకా మొదలే కాలేదు! మొదటి మూడు నాలుగు షీట్లు నిర్వచనాల మీద నడుస్తాయి కాబట్టి అన్నీ అందుతున్నట్టే ఉంటుంది. ఐదో షీట్ నుంచి వెనకటి సిద్ధాంతాలు చేతిలో ఉన్నాయనుకుని లెక్కలిస్తారు. మూడు సబ్జెక్టుల వాళ్లు ఒకటి వదిలేసేది సరిగ్గా అక్కడే. రెండు పెద్దవి, ఒక సెమినార్ (విద్యార్థే ఒక అంశం చదివి చెప్పే క్లాసు), వీలైతే ఒక చిన్న సబ్జెక్టు: మొదటి సెమిస్టర్‌కి ఇది చాలు.

షీట్‌ని పంచుకుని రాసే పద్ధతి ఒకటుంది. నువ్వు ఒకటి, రెండు. నేను మూడు, నాలుగు. మార్కులు వస్తాయి, సగం సబ్జెక్టు రాదు. అందరూ అన్నీ విడిగా ప్రయత్నించి, గడువుకి రెండు రోజుల ముందు కూర్చుని కలిపి రాయడమే పనికొచ్చే పద్ధతి.

పంచుకుని రాసినవాళ్లు దొరికిపోయేది మౌఖిక పరీక్షలో. పైస్థాయి సబ్జెక్టుల్లో చాలా వాటికి రాత పరీక్ష ఉండదు. అరగంట సేపు ఎదురుగా ప్రొఫెసర్, పక్కన జరిగింది రాసుకునే ఇంకొకరు, ముందు తెల్ల కాగితాలు. ‘దేంతో మొదలుపెడదాం?’ అని తరచుగా మనకే వదిలేస్తారు. ఫంక్షనల్ అనాలిసిస్‌లో రీస్ రిప్రజెంటేషన్ సిద్ధాంతం ఎంచుకున్నారనుకుందాం. స్పేస్ కంప్లీట్ అయితే, అంటే దగ్గరవుతూ పోయే సీక్వెన్సుల లిమిట్లన్నీ దాని లోపలే ఉంటే, ప్రతి బౌండెడ్ ఫంక్షనల్‌కీ (వెక్టర్‌ని అదుపులో ఉండే సంఖ్యగా మార్చే లీనియర్ సూత్రానికి) ఆ స్పేస్‌లోనే ఒక ప్రతినిధి వెక్టర్ ఉంటుందని అది చెబుతుంది. నిరూపణ అప్పజెప్పగానే మార్కులు పడవు. ‘స్పేస్ కంప్లీట్ కావాలన్న షరతు ఎక్కడ వాడావు? అది తీసేస్తే ఏమవుతుంది?’ అని అడుగుతారు. ఒక దశ దాటాక అన్నీ సున్నాలయ్యే సీక్వెన్సుల స్పేస్ తీసుకుని, మొదటి పదాన్ని 1తో, రెండోదాన్ని 2తో, అలా భాగిస్తూ కూడే ఫంక్షనల్ చూపించాలి. అది బౌండెడ్డే. కానీ దానికి ప్రతినిధి కావలసిన 1, 1/2, 1/3... అనే సీక్వెన్స్ ఆ స్పేస్‌లో లేదు. ప్రతి సిద్ధాంతానికీ ఇలా ఒక ప్రత్యుదాహరణ (షరతు తీసేస్తే సిద్ధాంతం తప్పని చూపేది) పెట్టుకుని వెళ్తే సగం భయం పోతుంది. పాస్ మార్కులు 1.0 నుంచి మొదలై 4.0తో ఆగిపోతాయి, 5.0 అంటే ఫెయిల్. తక్కువే ఎక్కువ అన్నమాట.

మన దగ్గర్నుంచి వచ్చేవాళ్లకి అసలు అడ్డంకి ఇంకా ముందే ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఎంపీసీ తరహా మూడేళ్ల బీఎస్సీ చదివినవాళ్లకి గణితం మూడు సబ్జెక్టుల్లో ఒకటి. ఇక్కడ బ్యాచిలర్స్ అంటే మూడేళ్లూ దాదాపు గణితమే. 90 శాతం మార్కులున్నా గణితం క్రెడిట్లు చాలక దరఖాస్తు తిరిగి రావచ్చు. బీటెక్ వాళ్లదీ ఇదే కథ: ఎం1, ఎం2 పేపర్లు ఇంజినీరింగ్ లెక్కలే తప్ప నిరూపణలతో నడిచే అనాలిసిస్ కావు. ఇండియాలో ఎమ్మెస్సీ చేసి వచ్చేవాళ్లకి దారి సుగమం. దరఖాస్తుతోపాటు సిలబస్‌ని పేపర్లవారీగా, గంటలతో సహా పెట్టండి, పేపరు పేరొక్కటే చూస్తే లోపల ఏముందో తెలియదు. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులకి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన డిగ్రీ పత్రాలు అసలైనవేనని జర్మన్ రాయబార కార్యాలయం తరఫున ఇచ్చే ధ్రువీకరణ) తప్పనిసరి. దానికి వారాలు పడుతుంది, మొదట చెయ్యాల్సిన పని అదే.

సబ్జెక్టుల విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. డిస్క్రీట్ జామెట్రీ, ఆప్టిమైజేషన్, న్యూమరికల్ లీనియర్ ఆల్జీబ్రా, రఫ్ పాత్స్: వీటిలో లోతుగా వెళ్లాలంటే ఇంతకంటే మంచి చోట్లు తక్కువ. పాలీటోపుల (చదును ముఖాలున్న ఆకారాల) మీద పనిచేసేవాళ్లు వాడే పాలీమేక్ సాఫ్ట్‌వేర్ అభివృద్ధి కేంద్రం ఇదే. పైగా 2006లో మొదలైన బెర్లిన్ మ్యాథమెటికల్ స్కూల్ పుణ్యమా అని ఊళ్లోని మూడు విశ్వవిద్యాలయాల పైస్థాయి కోర్సులు ఒకదానికొకటి అందుబాటులోకి వచ్చాయి. చిక్కల్లా దూరమే. ఆ మూడిట్లో ఒకటైన హుంబోల్ట్ విశ్వవిద్యాలయం గణిత విభాగం ఊరి చివర ఆడ్లర్స్‌హోఫ్‌లో ఉంది. టియు పక్కనున్న ఎర్న్‌స్ట్ రాయిటర్ ప్లాట్జ్ నుంచి అక్కడికి రానూపోనూ పూట గడిచిపోతుంది. టైంటేబుల్లో 10 అని ఉంటే 10:15కి మొదలవుతుందన్న పావుగంట సంప్రదాయం ఆ దూరానికి సరిపోదు.

పైస్థాయి కోర్సులు చాలావరకు ఇంగ్లిష్‌లో దొరుకుతాయి. జర్మన్ లేకపోతే పోయేది ట్యూటర్ ఉద్యోగం. ఇంజినీర్లకి లీనియర్ ఆల్జీబ్రా చెప్పే ట్యుటోరియళ్లు జర్మన్‌లోనే నడుస్తాయి, గణితం విద్యార్థికి అంతకంటే తగిన పని దొరకదు.

డబ్బు సంగతి క్లుప్తంగా: ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ రుసుము మాత్రం ఉంది, ప్రయాణ పాసు అందులోనే. మ్యూనిక్ టెక్నికల్ విశ్వవిద్యాలయం 2024 శీతాకాలం నుంచి యూరప్ బయటి కొత్త మాస్టర్స్ విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కి 4,000 లేదా 6,000 యూరోలు తీసుకుంటోంది కాబట్టి ఈ తేడా చిన్నదేం కాదు. వీసాకి చూపించే బ్లాక్డ్ అకౌంట్ (ముందే డబ్బు వేసి, నెలకింత చొప్పున మాత్రమే తీసుకోగల ఖాతా) 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు, నెలకి 992. గది అద్దె, ఆరోగ్య బీమా కట్టేసరికి అందులో మిగిలేది కొంచెమే. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు.

థీసిస్ గురించి మూడో సెమిస్టర్‌లో ఆలోచిద్దామనుకుంటే ఆలస్యమే. కోర్సులు ఒకటి, రెండు అని వరసగా నడుస్తాయి. శీతాకాలంలో ఒకటి తప్పితే మళ్లీ ఏడాదికే రావచ్చు. ప్రొఫెసర్లు సాధారణంగా తమ రెండు కోర్సులు, ఒక సెమినార్ చేసినవాళ్లకే అంశం ఇస్తారు. ఆ సెమినార్ టాపిక్‌లు పంచే సమావేశం చాలాసార్లు ముందు సెమిస్టర్ చివరే, అంటే జూలైలోనో ఫిబ్రవరిలోనో అయిపోతుంది. అక్టోబరులో క్లాసు మొదలయ్యాక వెళ్లి అడిగితే మిగిలేది ఎవరూ తీసుకోని టాపిక్, అదీ ఉంటే.