పార్టీకి హీలర్ ఒకడు ఉండాలా, అందరి దగ్గరా తలా కాస్త మందు ఉంటే చాలా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర వేసి, పాచికలతో కథ నడిపే ఆట. ఆ పాత్రల జట్టే పార్టీ, దెబ్బతిన్నవాళ్లను బాగుచేసేవాడు హీలర్. ఈ ఆట కొత్తగా మొదలుపెట్టే ఏ గుంపులోనైనా మొదటి తగువు ఇదే: క్లెరిక్, అంటే మంత్రంతో గాయాలు మాన్పే పూజారి, ఎవరు? సందులో క్రికెట్ ఆడినప్పుడు వికెట్ల వెనక నిలబడే పని ఎవరికీ వద్దు కదా, ఇదీ అట్లాంటిదే. చివర వచ్చినవాడి నెత్తిన పడుతుంది. కర్నూలులో కొండారెడ్డి బురుజుకు కాస్త దూరంలో, ఒక మిత్రుడి మేడ మీది గదిలో ఆదివారాలు ఆడతాం మేం. మొదటి రోజు చివర వచ్చింది మా బామ్మర్ది. డోన్‌లో రైలు ఆలస్యం. వచ్చేసరికి ఫైటర్ (యోధుడు), రోగ్ (చాటుగా దెబ్బతీసేవాడు), విజార్డ్ (మాంత్రికుడు) అన్నీ అయిపోయినాయి. లైఫ్ డొమైన్ క్లెరిక్ (గాయాలు మాన్పడంలో ఆరితేరిన రకం) పాత్ర కాగితం వాడి చేతిలో పెట్టినాం.

నాలుగు నెలలు ఆడినాడు పాపం. వాడి వంతు వచ్చినప్పుడల్లా గాయం మాన్పే మంత్రం, ఒకటే మాట: "క్యూర్ వూండ్స్, నీకే బావా." పాచిక దొర్లించి, అంకె చెప్పి, మళ్లీ ఉగ్గాని ప్లేటు దగ్గరికి లాక్కుంటాడు. వాడి పాచికలకు ఇప్పటికీ పసుపు మరక ఉంది. ఒకరోజు కాగితం మడిచి పక్కన పెట్టి, "నేను ఆడేదానికి వచ్చినానా, కట్లు కట్టేదానికి వచ్చినానా?" అన్నాడు. జవాబు చెప్పడానికి మాకు నోరు రాలేదు. అప్పుడు కూర్చుని లెక్క వేసినాం.

మేం ఆడేది 2014 నాటి 5వ ఎడిషన్. అందులో మొదటి స్థాయి క్యూర్ వూండ్స్ అంటే ఒక ఎనిమిది ముఖాల పాచిక, దానికి క్లెరిక్ విజ్‌డమ్ బోనస్ 3. సగటున ఏడున్నర హిట్ పాయింట్లు (ప్రాణబలం లెక్క) వెనక్కి వస్తాయి. లైఫ్ డొమైన్ కాబట్టి ఇంకో 3. ఓగర్ అనే రాక్షసుడి గద తగిలితే సగటున 13 పోతాయి. "ఏడు పోసి పదమూడు పోగొట్టుకోవడం" అని చాలామంది ఇక్కడే తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు తొందరపాటే. తగలని దెబ్బల మాటేమిటి? మా ఫైటర్ ఆర్మర్ క్లాస్ 18, అంటే ఇరవై ముఖాల పాచికకు దాడి బోనస్ కలిపి అంతకు చేరితేనే దెబ్బ తగులుతుంది. ఓగర్‌కి దాడి బోనస్ 6, అంటే పాచికపై 12 గానీ అంతకు పైన గానీ పడాలి. ఇరవైలో తొమ్మిది సార్లు. సగటు తీస్తే రౌండుకు (అందరికీ ఒక్కో వంతు అయితే ఒక రౌండు) పోయేది ఆరు. ఒక్క ఓగర్ ఎదురుగా ఉంటే హీలరే గెలుస్తాడు! రెండు ఓగర్లు వస్తే రౌండుకు పన్నెండు, అప్పుడు లైఫ్ డొమైన్ పదిన్నర కూడా చాలదు.

అసలు దెబ్బ స్లాట్ల దగ్గర, అంటే మంత్రం వేసే అవకాశాల దగ్గర, పడుతుంది. 3వ లెవెల్ క్లెరిక్‌కి రోజు మొత్తానికి ఉండేది ఆరు స్లాట్లు. అదే స్లాటుతో గైడింగ్ బోల్ట్ అనే దాడి మంత్రం వేస్తే, తగిలినప్పుడు సగటున 14 నష్టం, పైగా ఆ ఓగర్ మీద తర్వాతి దెబ్బ వేసేవాడికి అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం). ఓగర్‌కి ఉన్న హిట్ పాయింట్లు 59. అది ఒక రౌండు ముందే పడిపోతే, ఆ రౌండులో తినాల్సిన దెబ్బ అసలు తినం కదా. దెబ్బ తగిలాక మందు వేయడం కంటే కొట్టేవాడి చెయ్యి ఆపడమే చవక.

ఇంకో సంగతి. ఈ ఆటలో ఒక్క హిట్ పాయింట్ మిగిలిన ఫైటర్ కత్తికీ, నిండుగా ఉన్న ఫైటర్ కత్తికీ పదును ఒకటే. సున్నాకి చేరితేనే తేడా. కాబట్టి గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచాలని తాపత్రయపడేవాడు అక్కర్లేదు. పడినవాణ్ని వెంటనే లేపేవాడు కావాలి. దానికి హీలింగ్ వర్డ్ ఉంది: అరవై అడుగుల దూరం నుంచి, బోనస్ యాక్షన్‌తో (వంతులో అసలు పనికి తోడు దొరికే చిన్న పని). నాలుగు ముఖాల పాచిక ఒకటే, అయినా చాలు. క్లెరిక్‌కే కాదు, బార్డ్‌కీ (పాటగాడు) డ్రూయిడ్‌కీ (అడవి మాంత్రికుడు) మొదటి లెవెల్ నుంచే దొరుకుతుంది. పలాడిన్ (దైవబలం ఉన్న యోధుడు) చేతి స్పర్శకు లెవెల్‌కి ఐదు చొప్పున పాయింట్లు. పోరు అయ్యాక గంటసేపు కూర్చుంటే హిట్ డైస్ (గాయం తగ్గించుకునే సొంత పాచికలు) ఎవరివి వాళ్లవే, ఎవరినీ అడుక్కోనక్కర్లేదు.

హీలర్‌ని పూర్తిగా వదిలేసి మందు సీసాలతోనే బతికే దారి కూడా ఉంది. సీసా 50 బంగారు నాణేలు, సగటున 7 పాయింట్లు. క్యూర్ వూండ్స్‌తో పోలిస్తే పెద్ద తేడా లేదు, కానీ తాగడానికి ఒక యాక్షన్ (ఆ వంతులో అసలు పని) పోతుంది. అయిదు నాణేల హీలర్స్ కిట్‌తో పదిసార్లు ప్రాణం నిలబెట్టవచ్చు, మనిషి మాత్రం లేవడు. చిన్న కథకు సరే. డీఎం (కథ నడిపేవాడు) చెయ్యి బరువైనదైతే ఈ దారి నాకు నచ్చదు.

2024 పుస్తకంతో ఆడేవాళ్లు పై లెక్కను కొంచెం సవరించుకోవాలి. అందులో క్యూర్ వూండ్స్, హీలింగ్ వర్డ్ రెండింటికీ పాచికలు రెండేసి. సీసా తాగడం బోనస్ యాక్షన్. హీలర్ బలం పెరిగింది, హీలర్ లేనివాళ్ల బాధా తగ్గింది.

మరి క్లెరిక్ ఎవరూ లేకపోతే లోటు ఎక్కడ తెలుస్తుందంటే, నిజంగా చచ్చినప్పుడు. చచ్చినవాణ్ని బతికించే రివివిఫై మంత్రం క్లెరిక్‌కి 5వ లెవెల్లో దక్కుతుంది, పలాడిన్ 9 దాకా ఆగాలి. చచ్చి నిమిషం దాటకూడదు, 300 నాణేల విలువైన వజ్రం ఖర్చయిపోతుంది. (వజ్రం మాట రాగానే మా టేబుల్ మీద ఒకటే నవ్వు. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వంగి వంగి వజ్రాలు వెతికే జిల్లా ఇది. "ఈసారి కథ జొన్నగిరిలో పెట్టు మామా, రివివిఫై ఉచితం" అని డీఎంని బతిమాలినాం.)

రెండో కథకు మేం హీలర్‌ని తీసేసినాం. పలాడిన్, బార్డ్, ఫైటర్, రోగ్. రోగ్ మా బామ్మర్దే. ఆరు వారాలు హాయిగా నడిచింది, పోరాటాలు తొందరగా తెగినాయి. ఏడో వారం గుహలో, హీలింగ్ వర్డ్ ఉన్న బార్డే ముందు పడిపోయినాడు. పలాడిన్ సాలెగూడులో చిక్కుకున్నాడు. బార్డ్ డెత్ సేవ్‌లో (చావు తప్పించుకునే పాచిక: 10కి తగ్గితే తప్పినట్టే, మూడు తప్పితే చావు) 7, తర్వాత 4. రెండు తప్పినాయి. పక్కనే ఉన్న రోగ్ సంచిలో రెండు సీసాలు. "నాలుగు నెలలు మందే పోసినా బావా, ఈ ఒక్క దెబ్బ వేసి వస్తాన్లే" అన్నాడు. వేసినాడు, తగిలింది కూడా. కానీ సాలీడు చావలేదు. మూడో పాచికపై 9.

పని పంచుకున్నామని అనుకున్నాం, ఎవరి వాటా ఏదో మాత్రం అనుకోలేదు. ఇప్పుడు ఆట మొదలయ్యేముందు చీటీ రాస్తాం: బార్డ్ పడితే లేపేది ఎవరు, పలాడిన్ పడితే ఎవరు, సీసా ఎవరి సంచిలో ఉంది.

అందుకే నన్నడిగితే, నలుగురైదుగురు ఉన్న పార్టీకి హీలింగే పనిగా పెట్టుకున్న మనిషి అక్కర్లేదు. దూరం నుంచి లేపగలిగేవాళ్లు మాత్రం ఇద్దరుండాలి, ఒకడు పడినా ఇంకొకడు మిగలాలి. విశ్రాంతి ఇవ్వకుండా పోరు మీద పోరు పెట్టే డీఎం దగ్గర నా మాట చెల్లదు, అక్కడ లైఫ్ క్లెరిక్‌ని మించినవాడు లేడు. ఇష్టపడి హీలర్ ఆడతానని వచ్చేవాణ్ని వద్దనడం కూడా తప్పే. బలవంతంగా అంటగట్టకూడదు, అంతే.

చచ్చిపోయిన బార్డ్ ఆటగాడు పోయిన ఆదివారం కొత్త కాగితం రాసుకుని వచ్చినాడు. క్లెరిక్. ఎవరూ అడగలేదు. వార్ డొమైన్, చేతిలో గొడ్డలి, స్పెల్స్‌లో మొదటి వరుసలోనే హీలింగ్ వర్డ్.