మా గవ్వకి కు.ని. ఆపరేషన్ చేయించి మూడున్నరేళ్లు

మా సొంతూరు హిందూపురం, ఉండేది బెంగళూరు రామ్మూర్తినగర్‌లో. గవ్వ మా అపార్ట్‌మెంటు జనరేటర్ వెనకాల దొరికిన దేశీ కుక్క. 2022 ఏప్రిల్లో, ఉగాది వెళ్లిన శనివారం దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు దానికి ఐదో ఏడు. అప్పుడే రాసుంటే భయం, ఏడుపు, బిల్లు తప్ప ఇందులో ఇంకేమీ ఉండేది కాదు. ఇన్నాళ్ల తర్వాత చూస్తే, అది బల్ల మీద మత్తులో పడుకున్న గంటసేపు మాకు ఏ కష్టమూ లేదు. అంతకు ముందు నెల రోజులు, తర్వాత పది రోజులు, ఆ తర్వాత ఏడాది పాటు అన్నం గిన్నె, పడ్డ పాట్లన్నీ అక్కడే.

2021 డిసెంబర్లో మొదటిసారి ఎదకొచ్చింది. అప్పటికి తొమ్మిది నెలల పిల్ల. హాల్లో రక్తపు చుక్కలు చూసి మా అత్తయ్య గాజుపెంకు గుచ్చుకుందేమోనని నాలుగు పాదాలూ పట్టి వెతికింది. ఆ మూడు వారాలూ మా గేటు దగ్గర మగకుక్కల జాతర. ఒక నల్లది మూడంతస్తులూ ఎక్కొచ్చి మా గడప ముందు, పండక్కొచ్చిన కొత్తల్లుడిలా దర్జాగా పడుకునేది.

ఆపరేషన్ మాట ఎత్తగానే అత్తయ్య ఒప్పుకోలేదు. "ఒక్క కాన్పన్నా కానీయమ్మా, ఆడజన్మ ఎత్తినాక అదీ లేకపోతే ఎట్లా" అంది. ఒక కాన్పు అయితే కుక్క ఆరోగ్యానికి మంచిదని చాలామంది అంటారు. దానివల్ల ఏ మేలూ లేదని డాక్టరు చెప్పాడు. పైగా మొదటి ఒకటి రెండు ఎదల లోపే చేయిస్తే పెద్దయ్యాక పొదుగు గడ్డల ముప్పు బాగా తగ్గుతుందట. అయితే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకి మరీ చిన్నప్పుడే చేయిస్తే కీళ్లకి మంచిది కాదని, వాటి విషయంలో వయసు డాక్టర్‌తో మాట్లాడే తేల్చుకోవాలని కూడా చెప్పాడు.

అత్తయ్యని ఒప్పించింది మాత్రం డాక్టరు కాదు, కింద అంతస్తులో ఉండే ఏడేళ్ల పామరేనియన్. ఎద వెళ్లిన నెలన్నరకి అది బిందెలకి బిందెలు నీళ్లు తాగడం మొదలుపెట్టింది. అన్నం మానేసింది. మూలన ముడుచుకుని పడుకునేది, వెనకనుంచి చీము. పయోమెట్రా అన్నారు. ఎద వచ్చిన ప్రతిసారీ హార్మోన్ల వల్ల గర్భసంచి గోడ మందమవుతుంది, అందులో క్రిములు చేరితే సంచి చీముతో నిండిపోతుంది. మామూలుగా గర్భసంచి తీసేయాల్సిందే, కాకపోతే అప్పటికి కుక్క చావుబతుకుల్లో ఉంటుంది. ఆ పామరేనియన్ బతికింది గానీ మూడు రోజులు సెలైన్ మీదే ఉంది. అత్తయ్య దాన్ని చూసొచ్చి మళ్లీ కాన్పు మాట ఎత్తలేదు.

ఎద మీద ఉండగా చేయరు, అప్పుడు రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తం ఎక్కువ పోతుంది. రెండు మూడు నెలలు ఆగమంటారు. ఫిబ్రవరి చివర్లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్కి వెళ్తే "చిన్న వయసే కదా, రక్తపరీక్షలెందుకు, రేపు ఖాళీ కడుపుతో తీసుకురండి" అన్నారు. రేటు కూడా తక్కువ. మా ఆయన అడ్వాన్స్ కట్టేశాడు. ఎందుకో నాకే మనసొప్పక, ఇంకోచోట రక్తపరీక్ష చేయించాను. ప్లేట్‌లెట్లు తొంభై వేలు. కుక్కకి కనీసం రెండు లక్షలు ఉండాలి. టిక్ ఫీవర్, పిడుదుల వల్ల వచ్చేది. బయటికి ఏమీ తెలియలేదు, తింటోంది, ఆడుతోంది. ఆ ప్లేట్‌లెట్లతో కడుపు కోసి ఉంటే రక్తం ఆగేది కాదేమో. ఇరవై ఎనిమిది రోజులు డాక్సీసైక్లిన్ వేసి, మళ్లీ పరీక్ష చేయించి, అప్పుడు తేదీ పెట్టుకున్నాం. పిడుదులున్న ఈ ఊళ్లో రక్తపరీక్ష లేకుండా కోస్తామనే వాళ్ల దగ్గరికి వెళ్లకండి. మా అడ్వాన్స్ తిరిగి రాలేదు, అది వేరే సంగతి.

ముందురోజు రాత్రి తొమ్మిది తర్వాత తిండి లేదు, పొద్దున నీళ్లు కూడా తీసేశాం. పదింటికి లోపలికి తీసుకెళ్లారు, ఒంటిగంటకి పిలిచారు. అండాశయాలు, గర్భసంచి రెండూ తీసేశారు. బొడ్డు కింద రెండంగుళాల గాటు, చుట్టూ జుట్టు గొరిగేసి గులాబీ రంగు చర్మం. వీధికుక్కలకి ఆపరేషన్ అయినట్టు గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు కదా, దీనికీ కత్తిరిస్తారేమోనని అత్తయ్య ఇంట్లో కూర్చుని ఒకటే బెంగ. ఇంటి కుక్కలకి అవసరం లేదు.

ఆ రాత్రికి మాత్రం ముందే సిద్ధపడండి, మాకెవరూ చెప్పలేదు. మత్తు దిగేటప్పుడు అది కూనలాగా సన్నగా, ఆపకుండా మూలిగింది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఒళ్లంతా వణుకు. పడుకున్నచోటే ఉచ్చ పోసుకుని, తన తడి తనకే చిరాకై లేవబోయి ఒరిగిపోయింది. పాత దుప్పట్లు రెండు కప్పి, పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. మూలుగు విని మా ఆయన డోలో సగం ముక్క వేద్దామన్నాడు. ఆ పని చచ్చినా చేయకండి, మన నొప్పి మాత్రలు కుక్కలకి విషంతో సమానం. డాక్టరు ఇచ్చిన మెలాక్సికామ్ చుక్కలే, అదీ చెప్పిన లెక్కకే. తెల్లారి రెండు చెంచాల పెరుగన్నం తిని తోక ఒకసారి నేలకేసి కొట్టింది. రెండ్రోజులు దొడ్డికి వెళ్లలేదు, ఖాళీ కడుపు కదా, కంగారేం లేదు.

కుట్లు నాకకుండా మెడకి కోన్. మావాడు దానికి గరాటు అని పేరు పెట్టాడు, ఇంట్లో అదే నిలిచిపోయింది. గరాటుతో తలుపు చెక్కలకి, నా మోకాళ్లకి గుద్దుకుంటూ తిరిగేది, గిన్నెలో నీళ్లు తాగబోతే అంచు నేలకి తగిలి గిన్నె తిరగబడేది. జాలేసి తీసేయాలనిపిస్తుంది. తీయకండి. మాకు లిఫ్టు లేదు. పదహారు కిలోల కుక్కని ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి తొడల వెనకాల వేసి, కడుపు నొక్కుకోకుండా రోజుకి మూడుసార్లు దించి ఎక్కించాడు మా ఆయన. నాలుగో రోజుకి ఆయన నడుముకి బామ్ రాయాల్సొచ్చింది.

మొదటి అయిదు రోజులు కుక్క తనంతట తనే జాగ్రత్తగా ఉంటుంది, నొప్పి ఉంటుంది గనక. ఆరో రోజుకి నొప్పి పోతుంది. కుట్లు మాత్రం ఇంకా ఆరవు. మాకు జరిగింది అదే. పాలప్యాకెట్ చప్పుడు వినగానే గవ్వ దివాన్ మీదకి ఎగిరింది, అక్కణ్ణించి దూకింది. సాయంత్రానికి గాటు పక్కన నిమ్మకాయంత మెత్తటి ఉబ్బు. ఏడుస్తూ పరిగెత్తాను. డాక్టరు వేలితో నొక్కి చూసి, లోపలి కుట్లు తెగలేదు, చర్మం కింద నీరు చేరింది, సెరోమా అంటారు, సూది గుచ్చి తీయక్కర్లేదు, కదలనీయకుండా ఉంచితే తనే ఇంకిపోతుందన్నాడు. ఎర్రగా కాలుతున్నా, చీము కారినా, కుట్టు విడినా మాత్రం ఆ పూటే తీసుకురమ్మన్నాడు. ఆ రోజు నుంచి దివాన్ మీద కుర్చీలు తిరగేసి పెట్టాం. చుట్టాలొస్తే నేల మీదే కూర్చున్నారు. ఉబ్బు పదిరోజుల్లో పోయింది. పైకుట్లు పన్నెండో రోజున విప్పారు, అప్పటిదాకా స్నానం లేదు. జుట్టు పూర్తిగా రావడానికి మూడు నెలలు పట్టింది.

ఇక లావు. కుట్లు విప్పిన రోజే డాక్టరు తిండి పావు వంతు తగ్గించమన్నాడు. ఆపరేషన్ అయ్యాక ఒంటికి కావాల్సిన తిండి తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. మేం విన్నట్టే విని వదిలేశాం. సాయంత్రం నాలుగింటికి అత్తయ్య చేతి రాగి సంగటి ముద్ద, వాచ్‌మన్ బిస్కెట్లు, మావాడి ఇడ్లీ ముక్కలు. ఏడాదికి ఇరవైన్నర కిలోలు! ఎత్తుకుని బరువు మిషన్ ఎక్కి నా బరువు తీసేసి చూసుకుంటే నమ్మలేక మళ్లీ ఎక్కాను. పక్కటెముకలు చేతికి తగలాలి, దీనికి వేళ్లు మెత్తగా దిగిపోతున్నాయి. అప్పుడు గిన్నె మార్చి చిన్న గ్లాసు కొలత పెట్టాం, సంగటి బదులు ఉడకబెట్టిన బీన్స్. అత్తయ్య వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పదిహేడు కిలోలకి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

రెండో ఏడు అది పడుకునే గోనెపట్ట తడిగా ఉండటం చూశాం. ఆపరేషన్ అయిన ఆడకుక్కల్లో కొన్నిటికి, ముఖ్యంగా పెద్ద జాతులకి, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి మూత్రం పట్టు సడలి నిద్రలో కారుతుంది. దానికి రోజూ మందు వేయాల్సి ఉంటుంది. ఇదీ అదేనని అందరం తీర్మానించేసుకున్నాం. మూత్రం పరీక్ష చేయిస్తే మామూలు ఇన్‌ఫెక్షన్. రెండు వారాల మందుతో పోయింది, మళ్లీ రాలేదు. పరీక్ష చేయించకుండా నింద ఆపరేషన్ మీద వేయకండి.

స్వభావం మారుతుందా అని చాలామంది అడుగుతారు. గ్యాస్ సిలిండర్ అబ్బాయిని చూసి అప్పుడూ పళ్లు చూపించి మొరిగేది, ఇప్పుడూ మొరుగుతుంది.

ఖర్చు ఆపరేషన్‌కి తొమ్మిదిన్నర వేలు, రెండుసార్లు రక్తపరీక్షలు, మందులు, కుక్కని ఎక్కించుకునే క్యాబ్‌లు అన్నీ కలిపి పదిహేను వేలు దాటింది. ఆటోవాళ్లు ఎవరూ ఎక్కించుకోలేదు, ఆ లెక్క కూడా వేసుకోండి. కోన్‌కి విడిగా నాలుగు వందలు.

ఆ కోన్ ఇంకా ఉంది. మా బ్లాకులో నాలుగు కుక్కల మెడలు తిరిగింది, అంచులో గవ్వ కొరికిన గాటు అలాగే ఉంది. పోయిన వారం రెండో అంతస్తు వాళ్లు పట్టుకెళ్లారు. వాళ్ల బీగల్‌కి ఈరోజు ఆరో రోజు. ఇందాకే కిందికి వెళ్లి, మంచం మీద కుర్చీలు పెట్టమని చెప్పి వచ్చాను.