బస్సులో ఆడియోబుక్: యాప్ మేలా, కంప్యూటర్‌లో సిద్ధం చేసుకున్న ఫైల్ మేలా?

తిరుపతి నుంచి చిత్తూరుకు దాదాపు 70 కిలోమీటర్లు. రోజూ ఉద్యోగానికి పోయి వచ్చేవాళ్లకు పుస్తకం వినడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. వినే పద్ధతులు మూడు. యాప్‌లో నేరుగా వినొచ్చు. ఇంట్లో కంప్యూటర్ మీద ఆడియో ఫైళ్లు సిద్ధం చేసుకుని ఫోన్‌లోకి ఎక్కించుకోవచ్చు. లేదంటే పుస్తకాన్ని మెషీన్ గొంతుతోనే చదివించుకోవచ్చు. కొత్త ల్యాప్‌టాప్ కొన్నాక మూడూ చేసి చూశాను. నా ఓటు రెండోదానికే.

యాప్‌లో సుఖం ఉంది, కాదనను. దాసుభాషితం లాంటి వాటిలో తెలుగు పుస్తకాలను మంచి గొంతులు చదువుతాయి. కట్టే డబ్బు అలాంటి పని కొనసాగడానికి పనికొస్తుంది కాబట్టి నాకు అదేమీ బరువనిపించదు. ఎక్కడ ఆపామో యాప్ గుర్తుపెట్టుకుంటుంది. చంద్రగిరి దాటాక సిగ్నల్ తగ్గితే మాత్రం కథ మధ్యలో ఆగిపోతుంది. రాత్రి వైఫైలో డౌన్‌లోడ్ చేసుకుంటే ఆ బాధ తీరుతుంది. అయితే చాలా యాప్‌లలో అలా దించుకున్నది ఆ యాప్‌లోనే పలుకుతుంది, చందా ఆగితే అదీ ఆగుతుంది.

సొంత ఫైళ్లకు ఆ కట్టుబాటు లేదు. పాత సీడీలు, ఎక్కడైనా వినేలా కాపీ తాళం వేయకుండా అమ్మే ఆడియోబుక్‌లు, 2005 నుంచి వాలంటీర్లు చదివి ఉచితంగా పెడుతున్న లిబ్రివాక్స్ రికార్డింగులు (ఎక్కువగా ఇంగ్లీషువే), అన్నీ ఒకేచోట చేరతాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మా అమ్మ గొంతు. సాయంత్రాలు ఆమె పాత కథలు చదువుతుంటే ల్యాప్‌టాప్‌లో రికార్డు చేస్తున్నాను. ‘యాడికి పోతా ఉండావు’ అని మా చిత్తూరు యాసలో పాత్ర మాట్లాడితే ఎట్లా ఉండాలో అట్లాగే వస్తుంది.

కంప్యూటర్ అసలు ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది. ఇంట్లో చక్కగా వినిపించిన గొంతు బస్సు ఇంజన్ మోతలో సగం మునిగిపోతుంది. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కంప్రెసర్ అనే ఎఫెక్ట్ వాడితే మెల్లగా పలికిన మాటకూ, గట్టిగా పలికిన మాటకూ తేడా తగ్గుతుంది. అప్పుడు మొత్తం సౌండ్ పెంచుకోవచ్చు. చెవులు అదరవు, మాట పోదు. మనిషి గొంతుకు స్టీరియో అక్కర్లేదు. మోనోలో (ఒకే చానెల్‌లో) 64 కేబీపీఎస్ బిట్‌రేట్, అంటే సెకనుకు 64 కిలోబిట్ల డేటా ఉండే ఎంపీ3 చాలు. గంటకు సుమారు 29 ఎంబీ అవుతుంది, పది గంటల నవల 300 ఎంబీలోపే. బిట్‌రేట్ మారుతూ ఉండే రకం కన్నా స్థిరంగా ఉండేది ఎంచుకోండి. మారే రకంలో ముందుకీ వెనక్కీ జరిపినప్పుడు కొన్ని ప్లేయర్లు వేరే చోటికి దూకుతాయి. అధ్యాయాలకు 01, 02 అని పేర్లు పెట్టండి, లేకపోతే కొన్ని ప్లేయర్లలో 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది. పాత కంప్యూటర్‌లో ఫైళ్లను ఇలా ఎంపీ3గా మార్చే పని పెట్టి భోజనానికి పోయేదాన్ని. కొత్తదానిలో కాఫీ కలుపుకునేలోపు అయిపోతోంది. ఆ వేగం చూస్తుంటే ఎంత సంతోషమో! కేబుల్‌తో ఫోన్‌లోకి పంపి వీఎల్‌సీ ప్లేయర్‌లో వింటాను, వేగం కూడా మార్చుకోవచ్చు.

మెషీన్ గొంతు సంగతికొస్తే, చూపు లేనివాళ్లకు అది పెద్ద ఆసరా. తెర మీది అక్షరాలను పైకి చదివే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ ఈస్పీక్ అనే మెషీన్ గొంతుతో తెలుగు కూడా చదువుతుంది. యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్ అయినా అక్షరాలుగా గుర్తించే పద్ధతిలో) ఉన్న వ్యాసాలకు, పరీక్షల నోట్సుకు పర్వాలేదు. కానీ యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేసిన పాత పీడీఎఫ్‌లో అక్షరాలు కాపీ చేస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. స్కాన్ చేసిన పుస్తకమైతే ముందు టెసరాక్ట్ లాంటి ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌తో బొమ్మలోంచి అక్షరాలు రాబట్టి, ఒత్తులూ గుణింతాలూ దిద్దుకోవాలి. అంతా చేశాక కూడా ఇద్దరు మాట్లాడుకునే చోట ఎవరి మాట ఏదో తెలియదు. కథలకు నేను దీన్ని వాడను.

దేనిలో పోతున్నామన్నదీ చూసుకోవాలి. పాకాల మీదుగా పోయే రైలు టైముకు కుదిరితే వినడానికి బస్సు కన్నా హాయి. బస్సులో ఒక చెవి ఖాళీగా ఉంచుకుంటే కండక్టర్ మాట వినిపిస్తుంది. బైక్ మీద మాత్రం ఇయర్‌ఫోన్ వద్దే వద్దు, పుస్తకం ఎంత బాగున్నా సరే.

ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లు, ఈ పనికి ఓపిక లేనివాళ్లు యాప్ తీసుకుని రాత్రే డౌన్‌లోడ్ చేసుకోండి. కొత్తగా వినేవాళ్లయితే నవల కన్నా కథల సంపుటితో మొదలుపెట్టండి. పాత్రల పేర్లన్నీ గుర్తుంచుకోవాలనే టెన్షన్ ఉండదు, పూతలపట్టు దగ్గర కునుకు పట్టినా ఒక్క కథ మళ్లీ వింటే సరిపోతుంది.