మోరిసో బొమ్మ కొనేముందు: సంతకమా, ఇన్‌ఫ్రారెడ్ పరీక్షా, కాగితాలా?

నార్వల్ మోరిసో కెనడాకు చెందిన చిత్రకారుడు, అనిషినాబే అనే ఆదివాసీ జాతివారు. 2007లో కన్నుమూశారు. ఆయన పేరుతో నకిలీలు తయారుచేస్తున్నారని 2023 మార్చిలో పోలీసులు ఎనిమిది మందిని పట్టుకున్నారు. స్వాధీనం చేసుకున్న బొమ్మలు వెయ్యికి పైనే. మరి అసలుదేదో ఎలా తేల్చుకోవాలి?

సంతకాన్ని నమ్ముకోవద్దు. ఆయన సాధారణంగా ముందువైపు క్రీ అనే ఆదివాసీ భాష లిపిలో ‘రాగి ఉరుముపక్షి’ అనే తన పేరు వేసేవారు. చూసి దింపడం ఎవరికైనా సులువే. కాన్వాసు వెనక నల్లరంగు పొడికుంచెతో, అంటే తడి బాగా తక్కువున్న కుంచెతో, ఇంగ్లీషులో పేరు, 1970ల నాటి సంవత్సరం కనిపిస్తే మాత్రం బేరం ఆపి ఆరా తీయాలి. వివాదంలో పడ్డ బొమ్మల్లో చాలావాటికి ఉన్నది అదే.

కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిలో బొమ్మను ఫొటో తీసి చూసే పరీక్ష ఇంకాస్త గట్టిది. ఒక ముఠాలో ఒకడు పెన్సిల్‌తో బొమ్మ గీసి, ఏ గడిలో ఏ రంగో అక్షరాలతో రాసేవాడు. మిగతావాళ్లు రంగులు నింపేవాళ్లు. పెన్సిల్‌లోని గ్రాఫైట్ ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చుకుంటుంది, పైనున్న రంగుల్లో చాలావరకు దాన్ని పోనిస్తాయి. అందుకే ఆ అక్షరాలు నల్లగా తేలతాయి. అయితే లావుపాటి నల్లగీతల కింద పెన్సిల్ గీత దాగిపోవచ్చు. పైగా పెన్సిల్ లేకుండా వేసే ముఠా బొమ్మ ఈ పరీక్షలో శుభ్రంగా గట్టెక్కుతుంది. అక్షరాలు దొరికితే నకిలీ అని తేలినట్టే; దొరక్కపోతే ఏమీ తేలనట్టే.

నా ఓటు కాగితాలకే, అంటే బొమ్మ చేతులు మారిన చరిత్రకు. సంగీతకారుడు కెవిన్ హెర్న్ 2005లో ఒక గ్యాలరీలో 20,000 డాలర్లు పెట్టి మోరిసో పేరున్న బొమ్మ కొన్నారు, తర్వాత ఆ గ్యాలరీపై దావా వేశారు. అది అసలుదా కాదా అన్నది 2018లో కింది కోర్టు తేల్చలేకపోయింది. 2019లో ఒంటారియో అప్పీలు కోర్టు, గ్యాలరీ ఇచ్చిన చరిత్ర తప్పుడుదని చెప్పి 60,000 డాలర్లు ఇప్పించింది. కాబట్టి మొదటి యజమాని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు కొన్నారు, అప్పటి రసీదు ఏది, పాత ఫొటోలో గానీ ప్రదర్శన జాబితాలో గానీ ఈ బొమ్మ ఉందా అని అడగండి. జవాబులను అమ్మేవాడి నోట కాదు, ఆ యజమానులతోనే, ఆ గ్యాలరీలతోనే సరిచూసుకోండి. ‘ఒక పెద్దాయన సేకరణ నుంచి’ అన్న మాట చరిత్ర కాదు.

నష్టం కొన్నవాడి జేబుతో ఆగదు. తాతగారి దగ్గర విన్న కథలను మోరిసో రంగుల్లోకి తెచ్చారు. 1970ల తేదీ వేసిన నకిలీలు పుస్తకాల్లోకి, మ్యూజియంలలోకి చేరితే ఆ దశాబ్దంలో ఆయన చేయి ఎలా మారిందో తప్పుగా చదువుకుంటాం. అందుకే నకిలీ అని తేలిన బొమ్మను డబ్బు వెనక్కి తీసుకుని గుట్టుగా అప్పగించకండి. అది మరొకరి గోడ మీదికి చేరుతుంది. పోలీసులకు తెలపండి.