పాత లేజర్ ప్రింటర్ స్కానర్ యూనిట్: అద్దాలు భేష్, డ్రైవర్ బోర్డు వేరే కట్టుకోవాల్సిందే

విజయనగరం, శ్రీకాకుళంలో ప్రింటర్ రిపేరు షాపుల్లో అడిగితే పాడైన లేజర్ ప్రింటర్ల స్కానర్ యూనిట్లు పాత సామాను కింద ఇచ్చేస్తారు. ఇంట్లో పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మీద లేజర్‌తో నమూనా గీసే ఎక్స్‌పోజర్ మెషీన్ కట్టేవాళ్లకు ఇంత నాణ్యమైన పాలిగన్ అద్దం (తిరుగుతూ లేజర్‌ను గీతగా లాగే పలుముఖాల అద్దం), మోటారు, లెన్సు విడిగా కొనడం అయ్యే పని కాదు. ముందే చెప్పండి: "వైర్లు కొయ్యకండి, కనెక్టర్‌తో ఇవ్వండి." మోటారు కనెక్టర్‌లో 24 వోల్టులు, గ్రౌండ్, స్టార్ట్, రెడీ (వేగం అందుకుందని చెప్పేది), క్లాక్ (వేగాన్ని నిర్ణయించే పల్సులు) ఉన్న ఐదు పిన్నుల రకమే తీసుకోండి. కొన్నింటికి క్లాక్ ఉండదు, వేగం పెంచు-తగ్గించు సంకేతాలే ఉంటాయి. వాటితో తలనొప్పి. అద్దం ముఖాలను వేలితో తుడిచి చూపించే షాపువాళ్లుంటారు, ఆ పీసు వదిలెయ్యండి.

లోపలి లేజర్ మాత్రం దండగ. అది 780 నానోమీటర్ల దగ్గరి ఇన్‌ఫ్రారెడ్, పీసీబీ మీద అతికించే డ్రై ఫిల్మ్‌కు (వెలుగు పడితే గట్టిపడే పొర) దాంతో పనిలేదు. 405 నానోమీటర్ల లేజర్ డయోడ్ పెట్టాలి. దానికే 5 వోల్టులు కావాలి కాబట్టి 5 వోల్టుల మీద నడిచే పాత డ్రైవర్ బోర్డు చాలదు. లెన్సు కూడా 780కి లెక్కవేసిందే, అందుకే ఫోకస్ తప్పుతుంది. కొలిమేటర్‌ను (డయోడ్ ముందున్న చిన్న లెన్సును) కొంచెం కొంచెం జరుపుతూ గీత సన్నబడిన చోట జిగురు వెయ్యండి. అంచుల్లో లావుగానే ఉంటే పీసీబీని గీత మధ్యలో పెట్టుకోవడమే.

అసలు కష్టం వేగం దగ్గర. ఆరు ముఖాల అద్దం నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే సెకనుకు 1,200 గీతలు. 216 మి.మీ. గీతకు 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) 5,100 చుక్కలు, అదీ ఒక్కో గీతకు దొరికే సమయంలో సగంలోనే. అంటే చుక్కకు సుమారు 80 నానోసెకన్లు. ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్‌లోని ఎస్‌పీఐ (బిట్లను వరుసగా పంపే పోర్టు), డీఎంఏ (ప్రాసెసర్‌ను ఆపకుండా డేటా అందించేది) దీన్ని మోస్తాయి. డయోడ్‌కు కరెంటిచ్చే ఎల్‌ఎమ్317 రెగ్యులేటర్‌ని ఆన్-ఆఫ్ చేస్తే మాత్రం చుక్కలన్నీ అలికినట్టు వస్తాయి. రెండు ట్రాన్సిస్టర్ల జత పెట్టండి: కరెంటు ఆగకూడదు, డయోడ్‌లోంచి పారాలా, పక్క రెసిస్టర్‌లోంచి పారాలా అన్నదే మారాలి.

ఈ వేగంలో 160 మి.మీ. బోర్డు 3 సెకన్లలో అయిపోతుంది, ఫిల్మ్ పచ్చిగానే ఉంటుంది. ఫిల్మ్ గట్టిపడటానికి చదరపు సెంటీమీటరుకు 40 మిల్లీజౌళ్లు, 100×160 మి.మీ. బోర్డు మీద సగటున పడేది 25 మిల్లీవాట్లు అనుకుంటే 256 సెకన్లు కావాలి. ఒక్కో గీతను 80 సార్లు కొట్టాలన్నమాట. బల్ల సెకనుకు 0.625 మి.మీ. జరగాలి: 2 మి.మీ. లీడ్ స్క్రూ, 16 మైక్రోస్టెప్పులతో స్టెప్పర్ మోటారుకు సెకనుకు సరిగ్గా 1,000 పల్సులు.

గీత మొదలు పట్టే సెన్సార్‌కు బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్ చాలు, పారదర్శకంగా ఉండేది అడగండి. నల్ల ప్లాస్టిక్‌ది ఇన్‌ఫ్రారెడ్ కోసం, 405ను లోపలికి రానివ్వదు. ఆ సంకేతాన్ని ఆన్-ఆఫ్‌గా మార్చే కంపారేటర్ అంచు వణికితే గీతలు రంపంలా వస్తాయి.

మోటారు 'రెడీ' పిన్నును లేజర్ ఎనేబుల్‌కు (లేజర్‌ను వెలగనిచ్చే సంకేతానికి) లాజిక్ గేటుతో కలపండి, సాఫ్ట్‌వేర్‌కు వదలొద్దు. కరెంటు పోయి వచ్చినప్పుడు అద్దం ఆగి ఉంటే, లేజర్ మొత్తం ఒకే చోట నిలుస్తుంది. 405 కళ్లద్దాలు, మూత స్విచ్ లేకుండా ప్లగ్గు పెట్టొద్దు.