వాక్యూమ్ గేజ్: కార్బ్యురేటర్ విప్పే ముందు కొనాల్సిన పనిముట్టు

పాత కారు ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడిచేటప్పుడు) వణికినా, పికప్ తగ్గినా, సైలెన్సర్‌లోంచి టప్ టప్ మన్నా అందరి చెయ్యీ ముందు గాలి, పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బ్యురేటర్ మీదికే పోతుంది. విప్పడం తేలిక. కడిగి బిగిస్తే పని చేశామన్న తృప్తి కూడా ఉంటుంది. కానీ ఆ లక్షణాల్లో చాలా వరకు ఇగ్నిషన్ వల్లనో, వాల్వ్‌ల వల్లనో, ఏదో సందులోంచి గాలి లాగడం వల్లనో వస్తాయి. వాటిలో ఏది అసలు కారణమో, కార్బ్యురేటర్‌కి స్పానర్ తగలకుండానే, చాలా దూరం చెప్పేయగలిగేది ఇంజిన్ గాలిని గుంజే బలాన్ని కొలిచే వాక్యూమ్ గేజ్.

నా కారు 1965 నాటి మోరిస్ మైనర్ 1000. 1098 సీసీ ఇంజిన్, ఒకే ఒక్క ఎస్‌యూ కంపెనీ హెచ్‌ఎస్2 కార్బ్యురేటర్. నాకు ఎడమ చెవి సరిగా వినపడదు. ఇంజిన్ శబ్దం విని ట్యూనింగ్ చేసేవాళ్లంటే నాకు చాలా గౌరవం. అయితే ఆ విద్య నాకు అందేది కాదు. కంటికి కనిపించే గుర్తు ఏదైనా కావాలనే దీన్ని కొన్నాను.

చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. అరచేతిలో పట్టే గుండ్రటి డయల్, మీటరు పొడవు రబ్బరు ట్యూబు, రెండు మూడు సైజుల ఇత్తడి నిపుల్స్, ఒక T ఆకారపు ముక్క. డయల్ మీద సున్నా నుంచి 30 అంగుళాల పాదరసం వరకు వాక్యూమ్, ఇంకో పక్క 10 పీఎస్‌ఐ వరకు పెట్రోల్ పంపు ప్రెషర్. బ్యాటరీ అక్కర్లేదు, చెడిపోయే ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. పెట్టెలోంచి తీయగానే ట్యూబు ఎక్కడా తగిలించకుండా ముల్లు సున్నా మీదే ఆగిందో లేదో చూడాలి. నా దాంట్లో సరిగ్గానే ఆగింది.

తగిలించే చోటు మాత్రం ముఖ్యం. కార్బ్యురేటర్ నుంచి, స్పార్క్‌ని సిలిండర్లకి పంచే డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్నటి పైపు చేతికి అందుతుంది కదా అని అక్కడ పెడితే ఐడ్లింగ్‌లో ముల్లు దాదాపు కదలదు, ఎందుకంటే చాలా కార్లలో ఆ రంధ్రం థ్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే రేకు) మూసి ఉన్నప్పుడు దాని అవతలి పక్కనే, అంటే బయటి గాలి వైపే ఉండిపోతుంది. గేజ్ నేరుగా, కార్బ్యురేటర్ నుంచి సిలిండర్లకి దారి ఇచ్చే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి కలవాలి. మానిఫోల్డ్ విప్పి, బయట పెట్టి డ్రిల్ చేయించి, ఒక చిన్న ఇత్తడి నిపుల్ వేయించాను. వాడనప్పుడు దానికి గట్టి రబ్బరు క్యాప్ ఉంటుంది. కారు మీద ఉండగానే డ్రిల్ చేస్తే లోహపు పొడి సిలిండర్‌లోకి పోతుంది, ఆ పని ఎవరు చేస్తానన్నా ఒప్పుకోవద్దు.

ఇక ముల్లు చెప్పే సంగతులు. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు పిస్టన్లు గాలి కోసం గుంజుతుంటాయి, ఆ గుంజుడు ఎంత బలంగా, ఎంత నిలకడగా ఉందన్నదే రీడింగ్. బాగున్న ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో 17 నుంచి 22 అంగుళాల మధ్య ఎక్కడో కదలకుండా నిలబడుతుంది. అంకె కన్నా ముల్లు కదిలే తీరు ఎక్కువ చెబుతుంది. నిలకడగా ఉండి రెండు మూడు అంగుళాలు తక్కువ చూపిస్తే ముందు టైమింగ్ లేటయిందని, అంటే స్పార్క్ ఆలస్యంగా వస్తోందని అనుమానించాలి. బాగా కిందికి పడి అక్కడే ఆగిపోతే గాస్కెట్ దగ్గరో, పైపు దగ్గరో గాలి లాగుతోంది. లెక్క ప్రకారం టక్ టక్ మని ఒకే తీరున పడి లేస్తుంటే ఒక వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. రైజ్ చేస్తున్న కొద్దీ వణుకు ఎక్కువైతే వాల్వ్ స్ప్రింగులు చూడాలి. మిక్స్చర్ (గాలి, పెట్రోల్ పాళ్లు) తేడా అయితే ముల్లు తాపీగా, నీళ్లలో తేలే బెండులా కొన్ని అంగుళాల మేర అటూ ఇటూ పోతుంది. ఒక్క ఈ చివరిదే అచ్చంగా కార్బ్యురేటర్ అడ్జస్ట్‌మెంట్‌తో పోయేది.

నా కారులో జరిగింది చెబుతాను. ఐడ్లింగ్ కుదురుగా లేదు, గేరు వేసి కదిలేటప్పుడు తడబాటు. చూసిన మెకానిక్ కార్బ్యురేటర్ మొత్తం విప్పి కిట్ వేద్దామన్నాడు. గేజ్ పెడితే ముల్లు 15 దగ్గర నిలబడింది, వణుకు లేదు. మిక్స్చర్ అయితే అంత నిలకడగా ఉండదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే, స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే పాయింట్ల గ్యాప్ బాగా తగ్గిపోయి ఉంది. పాయింట్ల మడమ (లోపల తిరిగే ఇరుసుకు రాసుకునే భాగం) అరిగే కొద్దీ గ్యాప్ మూసుకుపోతుంది, గ్యాప్ తగ్గితే స్పార్క్ ఆలస్యంగా వస్తుంది. లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌కి ఉండాల్సిన 0.014 నుంచి 0.016 అంగుళాల మధ్యకి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులు) సెట్ చేసి, స్పార్క్ వచ్చే క్షణాన్ని చూపించే టైమింగ్ లైట్‌తో సరిచూశాక ముల్లు 18కి వచ్చింది. తడబాటు చాలా వరకు పోయింది. ఇదంతా అయ్యేసరికి కార్బ్యురేటర్ మీద దుమ్ము కూడా చెదరలేదు!

మిగిలిన కొంచెం తేడా థ్రాటిల్ స్పిండిల్ దగ్గర దొరికింది. ఎస్‌యూ కార్బ్యురేటర్లలో ఏళ్ల తరబడి తిరిగి తిరిగి ఆ ఇరుసు రంధ్రం వదులవుతుంది, ఆ సందులోంచి దొంగతనంగా గాలి లోపలికి పోతుంది. చాలామంది దీన్ని పట్టుకోవడానికి కార్బ్ క్లీనర్ స్ప్రే కొడతారు. ఈ ఇంజిన్‌కి ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. కార్బ్యురేటర్ కిందే మండిపోతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పెట్టుకుని పెట్రోల్ లాంటి స్ప్రే కొట్టడం నాకు భయం. దానికి బదులు స్పిండిల్ రెండు చివర్లా చిక్కటి గ్రీజు రాశాను. సందు తాత్కాలికంగా మూసుకుని ముల్లు పైకి లేచింది. గేజ్ లేకుంటే ఆ చిన్న మార్పు నాకు తెలిసే అవకాశమే లేదు. తర్వాత వదులైన ఆ రంధ్రాలకి బుష్‌లు వేయించాను.

అవి రెండూ అయ్యాకే మిక్స్చర్ జోలికి వెళ్లాను. ఎస్‌యూలో పెట్రోల్ వచ్చే జెట్ కింద ఉన్న నట్టు కిందికి తిప్పితే పెట్రోల్ ఎక్కువ, పైకి తిప్పితే తక్కువ. ఒకసారి ఒక్క పలక మాత్రమే తిప్పి, ముల్లు ఎక్కడ ఎత్తుగా, నిలకడగా ఉందో చూసి ఆపాను. చివర్లో కార్బ్యురేటర్ లోపలి పిస్టన్‌ని (ఇంజిన్ పిస్టన్ కాదు) లిఫ్టింగ్ పిన్‌తో వెంట్రుక వాసి లేపి చూసే పాత పరీక్ష కూడా చేశాను. స్పీడు క్షణం పెరిగి మళ్లీ మామూలుకు వస్తే సరిగా ఉన్నట్టు, పెరిగి అలాగే ఉంటే రిచ్ (పెట్రోల్ ఎక్కువ), ఆగిపోబోతే లీన్ (పెట్రోల్ తక్కువ). గేజ్ చెప్పింది, పిన్ చెప్పింది ఒకటే అయినప్పుడు మనసుకి ఎంత నెమ్మదిగా ఉంటుందో!

డయల్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఆ రంగు పట్టీలు. పచ్చ రంగులో నార్మల్ అని, పక్కనే లేట్ టైమింగ్ అని, వాల్వ్ లీక్ అని అచ్చు వేశారు. సముద్ర మట్టం దగ్గర, కంపెనీ క్యామ్‌షాఫ్ట్ (వాల్వ్‌లు తెరిచే ఇరుసు) ఉన్న ఇంజిన్‌కి అవి వర్తించొచ్చు. ఎత్తు ప్రతి వెయ్యి అడుగులకి రీడింగ్ దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. కొండ మీద ఉన్నవాళ్లు ఈ పట్టీ నమ్మితే బాగున్న ఇంజిన్‌ని కూడా విప్పేస్తారు. స్పోర్ట్స్ క్యామ్ వేసిన ఇంజిన్లలోనూ రీడింగ్ తక్కువే ఉంటుంది. మీ కారు బాగా నడుస్తున్న రోజున రీడింగ్ రాసి పెట్టుకోండి, పోల్చాల్సింది దానితోనే.

ఇంకోటి, నాలుగు సిలిండర్ల చిన్న ఇంజిన్‌కి తగిలిస్తే ముల్లు మామూలుగానే కొంచెం అదురుతుంది. ఖరీదైన గేజ్‌లలో దాన్ని అణిచే ఏర్పాటు ఉంటుంది, దీంట్లో లేదు. చేపల తొట్టికి వాడే చిన్న గాలి వాల్వ్ ట్యూబు మధ్యలో పెట్టి కొంచెం బిగించాను, అదురు తగ్గింది. మరీ బిగిస్తే వాల్వ్ లోపం చూపించే టక్ టక్ కూడా మాయమవుతుంది, జాగ్రత్త.

ముల్లు ఎక్కువ చూపిస్తే మంచిదేగా అని డిస్ట్రిబ్యూటర్ తిప్పుకుంటూ పోయి టైమింగ్ సెట్ చేసే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. అత్యధిక వాక్యూమ్ వచ్చే చోట స్పార్క్ తరచు మరీ ముందుకు పోయి ఉంటుంది. లోడు మీద ఇంజిన్ నాక్ చేస్తుంది, పిస్టన్లకి ముప్పు. టైమింగ్‌కి టైమింగ్ లైటే.

దీనికి అందని లోపాలూ ఉన్నాయి. కార్బ్యురేటర్ పిస్టన్ కదలికని అదుపు చేసే డ్యాష్‌పాట్‌లో ఆయిల్ అయిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ డీలా పడుతుంది, ఐడ్లింగ్‌లో మాత్రం గేజ్ అంతా బాగుందనే అంటుంది. పిస్టన్ ఇరుక్కోవడం కూడా అంతే. దాన్ని వేలితో పైకెత్తి వదిలితే అడ్డు లేకుండా టక్కున పడాలి. నేను ఆ శబ్దం మీద ఆధారపడకుండా కార్బ్యురేటర్ మీద ఇంకో చెయ్యి పెట్టి ఆ తాకిడి పట్టుకుంటాను. ఎండలో ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ మరిగిపోవడం, వేడెక్కాక స్పార్క్‌కి కరెంటు ఇచ్చే కాయిల్ చతికిలపడడం కూడా ఈ డయల్ మీద దొరకవు. వేడి ఇంజిన్ ఆగిపోగానే స్పార్క్ ఉందో లేదో చూసుకోవడమే వాటికి మార్గం.

పెట్రోల్ ప్రెషర్ వైపు నేను పెద్దగా వాడలేదు. పంపు అనుమానం వచ్చినప్పుడు పనికొచ్చింది, అంతే. దానితో వచ్చిన రబ్బరు ట్యూబు పెట్రోల్‌కి ఉబ్బిపోయేలా అనిపించి, ఆ పనికి వేరే ఫ్యూయల్ ట్యూబు కొన్నాను.

కొనేవాళ్లు డయల్ పెద్దదిగా, అంగుళం అంగుళానికి గీత ఉన్నదిగా చూసుకోండి. నిపుల్స్ ఇత్తడివి అయితే మంచిది, ప్లాస్టిక్‌వి వేడికి పగులుతాయి. మీ కారుకి రెండు కార్బ్యురేటర్లు ఉంటే రెండూ సమంగా గాలి పీలుస్తున్నాయో లేదో దీనితో తేలదు, ఎయిర్ ఫ్లో మీటర్ విడిగా తీసుకోవాలి.