వెనకాల ఉండాడు! తిరుపతిలో తెలుగు పాంటోమైమ్

క్రిస్మస్ మరునాటి సాయంత్రం తిరుపతిలోని ఒక పాఠశాల సభామందిరంలో, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, కళాశాల విద్యార్థులు కలిసి నడుపుకొంటున్న ఔత్సాహిక నాటక బృందం ఒకటి, ఇంగ్లండులో క్రిస్మస్‌కు ఆడే సంప్రదాయ పాంటోమైమ్‌ను తెలుగులో ప్రదర్శించింది. టికెట్టు 100 రూపాయలు, పిల్లలకు సగం. మనవడిని, మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాను. రెండు గంటల తరువాత బయటికి వచ్చేసరికి ముగ్గురి గొంతులూ బొంగురుపోయి ఉన్నాయి. ఈ ప్రదర్శనకు అంతకన్నా మంచి యోగ్యతాపత్రం నేను ఇవ్వలేను.

పాంటోమైమ్ అనగానే మనకు మూకాభినయం గుర్తుకు వస్తుంది. ఆ ఊహతో వచ్చినవారు మొదటి పది నిమిషాలు తికమకపడడం నేను గమనించాను, ఎందుకంటే ఇది పాటలు, హాస్యం, జానపద కథ కలగలిసిన, ప్రేక్షకులను క్షణం కూడా మౌనంగా కూర్చోనివ్వని నాటకం. 18వ శతాబ్దపు లండన్ రంగస్థలం మీద, ఇటలీ హాస్యనాటకాల నుంచి వచ్చిన హార్లెక్విన్ పాత్ర మాట లేకుండా ఆడేది కనుక ఆ పేరు వచ్చింది. సంభాషణలతో నాటకం ఆడే హక్కు అప్పట్లో ప్రత్యేక అనుమతి గల కొద్ది నాటకశాలలకే ఉండేది. 1843 నాటి చట్టం ఆ కట్టుబాటును సడలించాక మిగిలిన చోట్ల కూడా మాట వచ్చి చేరింది, పేరు మాత్రం పాతదే నిలిచిపోయింది. ఈ నాలుగు ముక్కలు ద్వారం దగ్గర పంచిన కరపత్రంలో ముద్రించి ఉంటే ఎంతో మేలు జరిగేది. అందులో నటీనటుల పేర్లు, దాతల పేర్లు తప్ప మరేమీ లేవు.

కథ అందరికీ తెలిసిన జాక్, చిక్కుడు తీగ కథే. జాక్ ఇక్కడ చెంగయ్య, అతని తల్లి రెడ్డెమ్మ. ఇంట్లో గింజలు నిండుకున్నాయని తల్లి పాడి ఆవును సంతకు తోలమంటే, కొడుకు దాన్ని గుప్పెడు చిక్కుడు గింజలకు ఇచ్చి వస్తాడు, ఆ గింజల నుంచి ఆకాశాన్నంటేలా మొలిచిన తీగ ఎక్కి రాక్షసుని ఇంటికి చేరతాడు. పాంటోమైమ్‌లో ఆవు వేషం ఇద్దరు మనుషులు కడతారు, ఒకరు ముందు కాళ్లు, ఒకరు వెనక కాళ్లు. ఈ బృందం ఆ ఆవును పుంగనూరు ఆవుగా మార్చింది. మూడడుగుల ఎత్తు కూడా దాటని ఆ జాతి మన ఉమ్మడి చిత్తూరు జిల్లా సొత్తు కనుక, లోపల ఇద్దరు చిన్నపిల్లలు సరిపోయారు. సంతకు బయలుదేరేటప్పుడు ఆ ఆవు గడప దగ్గర ఆగి, వెనక్కి తిరిగి రెడ్డెమ్మ చెంగును నోట పట్టుకున్న ఘట్టంలో, అంతసేపూ కేరింతలు కొట్టిన పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు. ఆ ఊహ ఎవరిదో గానీ వారికి నా నమస్కారం.

రెడ్డెమ్మ పాత్రను పురుషుడు ధరించడం ఈ ప్రక్రియలో తప్పనిసరి. మన నాటకరంగంలో పురుషుడు స్త్రీ పాత్ర వేయడం అంటే స్థానం నరసింహారావు గారి పేరే ముందు స్ఫురిస్తుంది, ఆ మార్గంలో నటుడు ఆడది కాదన్న సంగతిని ప్రేక్షకుడు మరచిపోవాలి. పాంటోమైమ్ కోరేది దానికి పూర్తిగా విరుద్ధం. చీర కట్టిన మగవాడు మగవాడిగానే కనిపిస్తూ ఉండాలి, నవ్వు పుట్టేది అక్కడే. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మీసం తీయకుండానే చీర కట్టి, పూలు ముడిచి తిరిగే మగవాళ్లను ఏటా చూసే ఊరికి ఈ తేడాను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. నటుడు మొదటి భాగంలో ఈ సూత్రాన్ని అద్భుతంగా పాటించాడు. బిందె చంకన పెట్టుకున్న తీరు, ముందు వరుసలోని ఒక పెద్దాయనను పట్టుకుని "ఏం బావా, పలకరించవే" అని నిలదీసిన తీరు మరువరానివి. రెండవ భాగంలో కొడుకు కోసం ఏడ్చే చోట మాత్రం అతడు నిజంగానే కరుణరసంలోకి జారిపోయాడు, దానితో నాటకం ఐదు నిమిషాల పాటు వేరే నాటకంలా అనిపించింది. చెంగయ్యగా, ఆనవాయితీ ప్రకారమే, ఒక అమ్మాయి నటించింది. తీగ ఎక్కే ముందు ఆమె ఎత్తుకున్న పద్యానికి వెనక వరుసల నుంచి "వన్స్‌మోర్" కేకలు వచ్చాయి, ఆమె హార్మోనియం వైపు ఒకసారి చూసి మళ్లీ అందుకుంది.

అయితే ఈ ప్రక్రియకు ప్రాణం ప్రేక్షకుల బదులులో ఉంది, బృందం దాన్ని సరిగ్గా పట్టుకుంది. రాక్షసుని బంటు ఎప్పుడూ నటుల ఎడమ చేతి వైపు నుంచి, అంటే మనకు కుడివైపు నుంచి వస్తాడు, వనదేవత రెండవ వైపు నుంచి వస్తుంది. ఇది పాంటోమైమ్‌లో పాత నియమం. బంటు తన వెనక నక్కి ఉన్నాడని తెలియని రెడ్డెమ్మ "ఇక్కడెవరైనా ఉండారా?" అని అడగగానే మా వరుస పిల్లలంతా కుర్చీలెక్కి "వెనకాల ఉండాడు!" అని అరిచారు. ఆమె తిరిగేలోగా వాడు అటు తప్పుకొని "లేడు, లేడు" అంటాడు. పిల్లలు "ఉండాడు, ఉండాడు" అంటారు. "ఉన్నాడు" అని పుస్తకభాషలో రాసుకోకుండా, మన పిల్లల నోట ఇంట్లో పలికే మాటనే నాటకంలో ఉంచడం వల్లనే అంత గట్టిగా బదులు వచ్చిందని నా నమ్మకం.

లోపాలూ ఉన్నాయి. మైకులు వేలాడదీసిన చోటికి వస్తే తప్ప మాట వినిపించలేదు, బంటు సంభాషణలు సగం గాలిలో కలిసిపోయాయి. విరామం తరువాత వరుసగా పెట్టిన మూడు సినిమా పాటల్లో రెండు తీసివేయవచ్చు. తాళ్లతో పైకి లాగే చిక్కుడు తీగ సగంలో చిక్కుకుంది కూడా. చివరలో నేలకూలిన రాక్షసుణ్ణి చూపిన పద్ధతి ఆ కొరతలను చాలావరకు మరపించింది: మన పల్లెల్లో భారత ఉత్సవాల చివరిరోజు మట్టితో నేల మీద తీర్చే దుర్యోధనుడిలా, వేదిక అడ్డంగా గడ్డి, గోనెసంచులతో పరచిన భారీ ఆకారం.

తెర దించే ముందు చెప్పే ద్విపదను రిహార్సల్స్‌లో పైకి పలకకూడదని పాంటోమైమ్ నటుల్లో ఒక పాత విశ్వాసం ఉంది. వీరు దాన్ని పాటించారట. రెండవ పాదం దగ్గర రెడ్డెమ్మ తడబడడం చూస్తే అది నిజమేననిపించింది. సంక్రాంతి సెలవుల్లో మళ్లీ ఆడుతున్నామని అక్కడే ప్రకటించారు. మేము ముగ్గురమూ మళ్లీ వెళ్తున్నాము. కుడివైపు చివరి కుర్చీ తనదేనని, బంటు అక్కడి నుంచే వస్తాడు కాబట్టి తానే ముందు చూస్తానని మనవరాలు ఇప్పటికే చెప్పి ఉంచింది.